చీపురు పట్టిన చేతికి చిరునవ్వు పాఠం

ఊడ్చడం, తుడవడం, కడగడం నేర్పడానికి మన దేశంలో ఇప్పుడొక పాఠ్యప్రణాళిక ఉంది. 2008లో ఏర్పడిన జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఒక్కో రంగానికి ఒక్కో నైపుణ్య మండలి ఏర్పడేలా చూసింది. వాటిలో పర్యాటక, ఆతిథ్య రంగాల మండలి ‘హౌస్‌కీపింగ్ అటెండెంట్’ ఉద్యోగానికి ఒక అర్హతల పత్రం తయారుచేసింది. నేల తుడవడం, మరుగుదొడ్డి కడగడం లాంటి పనుల పక్కనే అందులో ఇంకో వరస పాఠాలున్నాయి. కస్టమరుతోనూ తోటి ఉద్యోగులతోనూ సంభాషించడం ఒక పాఠం. కస్టమరే కేంద్రంగా సేవాదృక్పథం నిలుపుకోవడం మరొకటి. మర్యాద, ఆతిథ్యంతో కూడిన ప్రవర్తన ఇంకొకటి. చివరికి సంస్థ మేధోసంపత్తి హక్కుల్నీ, కస్టమరు మేధోసంపత్తి హక్కుల్నీ కాపాడటం కూడా ఒక పాఠమే!

మేధోసంపత్తి అన్న మాట దగ్గర ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ నవ్వు దగ్గరే ఆగిపోతే మాత్రం అసలు ప్రశ్న జారిపోతుంది. తరతరాలుగా చీపురు పట్టిన స్త్రీలకు ఎవరూ నేర్పని ఈ మర్యాద పాఠాలు ఇప్పుడే ఎందుకు అవసరమయ్యాయి? కస్టమరు అంటే ఎవరు? టీమ్ అంటే ఎవరెవరు? శుభ్రం చేసే పనికి వేలు, లక్షల సంవత్సరాల చరిత్ర ఉండవచ్చుగానీ, ఆ పనికి ‘కస్టమరు’ పుట్టి యాభై ఏళ్లు దాటలేదు. ఆ పుట్టుక ఎలా జరిగిందో చూస్తే, ఈ పాఠాలు ఎవరి అవసరం కోసం రాసినవో కూడా తెలుస్తుంది.

మొదట మన దగ్గర్నుంచే మొదలుపెడదాం. పాకీ పని చేసే మనిషికి పూర్వం సమాజం నేర్పిన ‘సేవా నైపుణ్యం’ ఒక్కటే. కనబడకుండా ఉండటం. పాత పట్టణాల్లో ఇళ్ల వెనకవైపు ఆ పనివాళ్ల కోసమే సందులుండేవి. మనుషులు ఇంటికి వీధి వాకిట్లోంచి వస్తే, మలం ఎత్తే స్త్రీ వెనక సందులోంచి వచ్చి, తట్ట నింపుకుని అటునుంచి అటే వెళ్లిపోవాలి. ముల్క్ రాజ్ ఆనంద్ 1935లో రాసిన ‘అన్‌టచబుల్’ నవలలో పారిశుధ్యం పని చేసే కుర్రవాడు దారిలో నడుస్తూ, తాను వస్తున్నానని కేకవేసి చెప్పుకోవాల్సి వస్తుంది. ఎదుటివాళ్లు మైలపడకుండా తప్పుకోవడానికి అది హెచ్చరిక. ‘కస్టమరుతో సంభాషణ’కు మన చరిత్రలో దొరికే రూపం ఇది!

ఈ పని ఎవరిదో కులం నిర్ణయించింది. ఆ కులాల లోపల ఎవరు ఏ భాగం చెయ్యాలో పితృస్వామ్యం నిర్ణయించింది. ఇంటింటికీ తిరిగి పొడి మరుగుదొడ్లు శుభ్రం చేసే పని ఎక్కువగా స్త్రీలకే వచ్చింది. గీతా రామస్వామి 2005లో ఆంధ్రప్రదేశ్ పాకీ పనివారి గురించి రాసిన ‘ఇండియా స్టింకింగ్’ పుస్తకం, కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా సాగించిన పోరాటం ఈ శ్రమను వెనక సందుల్లోంచి నడివీధిలోకి తెచ్చాయి. 1993లో ఒక చట్టం, 2013లో దానికంటే విస్తృతమైన మరో చట్టం ఈ పనిని నిషేధించాయి. అంటే చట్టం దృష్టిలో ఆ వెనక సందు మూసుకుపోయింది. అటునుంచి వచ్చిన స్త్రీలలో ఎందరో, వాళ్ల కూతుళ్లలో మరెందరో ఇప్పుడు మున్సిపాలిటీ రోడ్ల మీదా ఆసుపత్రి వార్డుల్లోనూ ఆఫీసుల కారిడార్లలోనూ ఉన్నారు. తట్ట పోయి మాప్ వచ్చింది. కులం మటుకు పోలేదు.

కులం లేని దేశాల్లో ఈ శ్రమకు గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. మన దగ్గర వెనక సందు చేసిన పనిని అక్కడ రాత్రి చేసింది. 1970ల మొదట్లో లండన్ ఆఫీసు భవనాల్ని శుభ్రం చేసే స్త్రీలు ఉద్యోగులంతా ఇళ్లకు వెళ్లాక వచ్చి, తెల్లవారక ముందే వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో చాలామందికి చిన్న పిల్లలు. పగలు పిల్లల్ని చూసుకుని, రాత్రి పని చేసి, మధ్యలో దొరికినంత సేపు కునుకు తీసేవాళ్లు. భవనం ప్రభుత్వానిదే అయినా వీళ్లు ప్రభుత్వోద్యోగులు కారు. కాంట్రాక్టరు మనుషులు. ఆ పని స్వయంగా చేసిన మే హాబ్స్ అనే స్త్రీ వాళ్లను సంఘంలో చేర్పించడానికి పూనుకుని, అప్పుడే రూపుదిద్దుకుంటున్న స్త్రీ విముక్తి ఉద్యమాన్ని సాయమడిగింది. బ్రిటన్‌లో తొలి జాతీయ స్త్రీ విముక్తి సదస్సు 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. ఆ తరం ఫెమినిస్టులు, షీలా రౌబోథం, శాలీ అలెగ్జాండర్ వంటి చరిత్రకారిణులతో సహా, రాత్రి పూట ఆఫీసు భవనాల గుమ్మాల దగ్గర నిలబడి కరపత్రాలు పంచారు.

ఆ పని అనుకున్నంత తేలిక కాలేదు. ఒక్కో భవనంలో కొద్దిమందే ఉంటారు. ఒక్కో అంతస్తుకు ఒకరిద్దరే. ఒక అంతస్తు మనిషికి ఇంకో అంతస్తు మనిషి పేరు తెలియదు. ఎవరైనా నోరెత్తితే కాంట్రాక్టరు ఆమెను వేరే భవనానికి మారుస్తాడు, లేదా తీసేస్తాడు. కార్మిక సంఘాల మగ నాయకులకేమో, చందా సరిగా వసూలు కాని ఈ చెదిరిన స్త్రీల మీద ఆసక్తి అంతంతమాత్రం. అయినా 1972లో ఫుల్‌హమ్‌లోని ఎంప్రెస్ స్టేట్ భవనంలో క్లీనర్లు సమ్మెకు దిగారు. ఇతర సంఘాల కార్మికులు ఆ భవనానికి సరఫరాలు ఆపి వాళ్లకు అండగా నిలిచారు. కాంట్రాక్టరు దిగివచ్చాడు. తరవాత ఏమైంది? కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కాంట్రాక్టరుకు పాత ఒప్పందంతో పనిలేదు. గెలిచినవి మెల్లగా చేజారాయి. 1975లో బెర్విక్ స్ట్రీట్ ఫిల్మ్ కలెక్టివ్ తీసిన ‘నైట్‌క్లీనర్స్’ చిత్రం ఈ పోరాటానికి మిగిలిన సాక్ష్యాలలో ఒకటి.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అప్పట్లో ఆ స్త్రీలకు కస్టమరు సేవ గురించి ఎవరూ పాఠాలు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు, వాళ్లను చూసేవాళ్లే లేరు గనక. రెండోది, వాళ్లను ‘టీమ్’గా ఉండమని కూడా ఎవరూ అడగలేదు. సరిగ్గా వాళ్లు టీమ్ కాకుండా ఉండటం మీదే ఆ కాంట్రాక్టు వ్యాపారం నడిచింది.

మరి పరిస్థితి ఎప్పుడు మారింది? 1983 సంవత్సరాన్ని ఒక మలుపుగా తీసుకోవచ్చు. ఆ ఏడాది బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుభ్రత, వంట, బట్టలుతికే పనులకు టెండర్లు పిలవడం తప్పనిసరి చేసింది. శుభ్రత పనిలో ఖర్చంతా దాదాపు మనిషి శ్రమే. యంత్రాలు, మందులు కొంచెమే. అలాంటప్పుడు తక్కువ ధరకు టెండరు వేసి గెలిచినవాడు ఎక్కడ మిగుల్చుకోవాలి? పనిగంటల్లో, మనుషుల సంఖ్యలో, సెలవుల్లో. లండన్‌లోని బార్కింగ్ ఆసుపత్రిలో క్లీనర్లు ఇలాంటి కోతకు వ్యతిరేకంగా 1984లో మొదలుపెట్టిన సమ్మె నెలల తరబడి సాగింది. అంతవరకూ వార్డులో నర్సు, క్లీనరు ఇద్దరూ ఒకే ఆసుపత్రి మనుషులు. నేల మీద ఏదన్నా ఒలికితే నర్సు పిలుస్తుంది, ఈమె వస్తుంది. టెండరు తరవాత ఇద్దరి మధ్యా ఒక ఒప్పంద పత్రం వచ్చి కూర్చుంది. ఏ గది ఎన్నిసార్లు తుడవాలో అందులో రాసి ఉంటుంది. రాయనిది అడిగే హక్కు నర్సుకు లేదు, చేసే సమయం క్లీనరుకు లేదు. నిన్నటిదాకా తోటి ఉద్యోగి అయిన నర్సు ఇవాళ కస్టమరు పక్షం మనిషి అయిపోయింది!

కస్టమరు పుట్టింది ఇక్కడే. ఉద్యోగ బంధాన్ని తెంచాక మిగిలిన ఖాళీలో ఈ మాట వచ్చి చేరింది. ఒకే కప్పు కింద పనిచేసే ఇద్దరిని కలిపి ఉంచే జీతాల పట్టిక, సంఘం, పింఛను లేకుండా పోయాక, వాళ్లను కలిపే తాడు ఒక్కటే మిగులుతుంది. అది ఒకరి సంతృప్తి, మరొకరి నవ్వు. టెండర్లలో పోటీ పడే సంస్థలన్నీ అదే నేలను అదే మందుతో తుడుస్తాయి. మా మనుషులు యూనిఫారం వేసుకుంటారు, పలకరిస్తారు, ఎదురు మాట్లాడరు అని చెప్పుకోవడమే వాటి ప్రత్యేకత. పైగా తరవాతి దశాబ్దాల్లో చాలాచోట్ల శుభ్రత పనిని రాత్రి నుంచి పగటికి మార్చారు. రాత్రంతా దీపాలు వెలిగించే ఖర్చు తగ్గుతుంది, కాపలా సులువవుతుంది. స్త్రీలకు రాత్రి పని తప్పడం మేలే. కానీ పగటి వెలుగులోకి వచ్చిన మనిషికి ముఖం ఉంటుంది. ఆ ముఖం ఎలా ఉండాలన్నది కూడా ఇప్పుడు ఉద్యోగంలో భాగమైంది.

అదే 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకం తెచ్చారు. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లకు నవ్వడం ఎలా నేర్పుతారో, ప్రయాణికుడు కసురుకున్నా కోపాన్ని లోపలే అణచుకోవడం ఎలా అలవాటు చేస్తారో పరిశీలించి, దానికి ఆమె ‘భావోద్వేగ శ్రమ’ అని పేరు పెట్టారు. ఇంట్లో స్త్రీలు జీతం లేకుండా చేసే ఈ పనిని మార్కెట్ కొనుక్కుంటోందని ఆమె వాదన. ఎయిర్ హోస్టెస్ విషయంలో నవ్వు ఆ ఉద్యోగంలోనే ఉంది, దానికి ఎంతో కొంత ధర కట్టారు. క్లీనరు విషయంలో జరిగింది వేరు. నేల తుడిచినందుకు ఇచ్చే కనీస వేతనమే ఇస్తూ, నవ్వును అదనంగా అడిగారు. కూరగాయల బండి దగ్గర కొసరు అడిగినట్టు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మర్యాదగా మాట్లాడటం, కలిసి పనిచేయడం మంచి విషయాలే కదా, నేర్పితే తప్పేమిటి అని. తప్పేమీ లేదు. అసలు ఆ నైపుణ్యాలు వాళ్ల దగ్గర లేవన్న ఊహ దగ్గరే పేచీ. 2001లో ఏమీ రెస్నెవ్‌స్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు ప్రచురించిన వ్యాసం ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఒక ఆసుపత్రి క్లీనర్లతో వాళ్లు మాట్లాడారు. కొందరు తమ పనిని రాసిచ్చిన జాబితా మేరకే చూశారు. ఇంకొందరు తాము రోగుల్ని బాగుచేసేవాళ్లలో భాగమని నమ్మి, ఆ నమ్మకంతోనే పనిని మార్చుకున్నారు. రోగి ఒంటరిగా ఉంటే రెండు మాటలు మాట్లాడటం, దారి తెలియక తిరుగుతున్న బంధువుల్ని వెంటబెట్టుకుని వెళ్లడం, నర్సులకు పని అడ్డుపడని వేళ చూసి గదిలోకి వెళ్లడం. స్పృహ లేని రోగుల గదుల్లో గోడల మీది బొమ్మల్ని అప్పుడప్పుడు మార్చి పెట్టిన క్లీనరు గురించి కూడా రెస్నెవ్‌స్కీ చెబుతారు. ఏ మార్పు ఏ మనిషిని కదిలిస్తుందో ఎవరికి తెలుసు అన్నది ఆ క్లీనరు ఆలోచన. ఇవేవీ వాళ్ల ఉద్యోగ పత్రంలో లేవు. ఏ శిక్షకుడూ నేర్పలేదు.

యాజమాన్య పాఠాల్లో ఈ పరిశోధనకు మంచి పేరు వచ్చింది. అయితే అక్కడ దాన్ని ఎక్కువగా చదువుకున్న తీరు వేరు. పనిలో అర్థం వెతుక్కోవడం మనిషి వైఖరిలో ఉంది, కనక వైఖరి నేర్పితే చాలు అన్నారు. ఆ రెండు మాటలు మాట్లాడటానికి రెండు నిమిషాలు కావాలని, గంటకు ఇన్ని గదులని లెక్క కట్టిన చోట ఆ రెండు నిమిషాలు మిగలవని అంతగా చెప్పరు. బ్రిటన్‌లో న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ఆసుపత్రి క్లీనర్లకు చెల్లించే ప్రతి ఒక్క పౌండుకూ పది పౌండ్లకు పైగా సామాజిక విలువ సమకూరుతోందని లెక్కగట్టింది. ఆ లెక్క వేసిన పద్ధతి మీద ఎంతైనా చర్చించవచ్చు. కానీ క్లీనరుకు విలువ నేర్పించాలా, ఆమె ఇస్తున్న విలువకు డబ్బివ్వాలా అన్న ప్రశ్న మాత్రం తప్పించుకోలేనిది.

ఇక టీమ్ సంగతి. శుభ్రత పరిశ్రమలో ‘టీమ్ క్లీనింగ్’ అని ఒక పద్ధతి అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది. ఒక మనిషి ఒక అంతస్తు మొత్తం చూసుకోవడానికి బదులు, ఒకరు దుమ్ము తుడిచి చెత్తబుట్టలు ఖాళీ చేయడం, ఒకరు భవనమంతా వాక్యూమ్ పట్టడం, ఒకరు మరుగుదొడ్లు మాత్రమే కడగడం, ఇంకొకరు మిగిలిన బరువు పనులు చేయడం. పేరు టీమ్, పద్ధతి కార్ఖానాలోని వరసది. రాత్రంతా మరుగుదొడ్లే కడిగే మనిషికి ఆ టీమ్‌లో దక్కేదేమిటి? మన మున్సిపాలిటీల్లోనూ గుంపు పని కొత్త కాదు. హైదరాబాదులో జవాను కిందా, ఆంధ్ర పట్టణాల్లో మేస్త్రీ కిందా గుంపులుగానే రోడ్లు ఊడుస్తారు. ఒకామెకు ఒంట్లో బాగోకపోతే మిగిలినవాళ్లు ఆమె వంతు ఊడ్చేయడం ఏ చీపురు గుంపును చూసినా తెలుస్తుంది. ఆ సహకారాన్ని ఎవరూ నైపుణ్యం అనరు. మస్టరులో అది కనబడకుండా ఉంటేనే మేలు కూడా.

క్లీనర్లు తమంతట తాము టీమ్ అయినప్పుడు ఏం జరిగిందో చరిత్రలో ఉంది. 1990లో లాస్ ఏంజెలెస్‌లోని సెంచురీ సిటీ ఆఫీసు భవనాల జానిటర్లు సమ్మె చేశారు. ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికా దేశాలనుంచి వలస వచ్చినవాళ్లు, వాళ్లలో స్త్రీలు చాలామంది. జూన్ 15న వాళ్ల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి నగరం నివ్వెరపోయింది. కొద్దిరోజుల్లోనే కాంట్రాక్టు సంస్థ సంఘంతో ఒప్పందానికి వచ్చింది. జూన్ 15ను ఇప్పటికీ ‘జస్టిస్ ఫర్ జానిటర్స్’ దినంగా జరుపుకుంటారు. కెన్ లోచ్ 2000లో తీసిన ‘బ్రెడ్ అండ్ రోజెస్’ సినిమాకు నేపథ్యం ఈ ఉద్యమమే. అక్కడి సంఘం ఎంచుకున్న ఎత్తుగడ ఆసక్తికరమైనది. పేరుకు యజమాని అయిన కాంట్రాక్టరును వదిలి, భవనం సొంతదారుల్నీ పెద్ద అద్దెదారుల్నీ నిలదీసింది. అంటే, కస్టమరునే బాధ్యుణ్ణి చేసింది.

‘టీమ్ మీటింగ్’ అన్న మాటకున్న మరో ముఖం లండన్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. ఆసియా, ఆఫ్రికా దేశాల అధ్యయనానికి పేరుపొందిన సోయస్ కళాశాలలో లాటిన్ అమెరికానుంచి వలస వచ్చిన క్లీనర్లు సంఘం పెట్టుకుని, మెరుగైన వేతనాన్నీ సంఘానికి గుర్తింపునూ సాధించుకున్నారు. 2009 జూన్ 12 తెల్లవారుజామున కాంట్రాక్టు సంస్థ వాళ్లను సిబ్బంది సమావేశానికి రమ్మంది. వెళ్లినవాళ్ల కోసం అక్కడ ఇమిగ్రేషన్ అధికారులు పొంచి ఉన్నారు. తొమ్మిదిమందిని నిర్బంధించారు. వాళ్లలో చాలామందిని దేశం దాటించారు. వలస పాలన గురించి, అధికారం గురించి పుస్తకాలు రాసే అధ్యాపకుల గదులు తుడిచే మనుషులు వాళ్లు! విద్యార్థులు డైరెక్టరు కార్యాలయాన్ని ఆక్రమించి నిరసన తెలిపారు. అక్కడి క్లీనర్లు, విద్యార్థులు, కొందరు అధ్యాపకులు పట్టు వదలకుండా సాగించిన ఉద్యమంతో 2018లో శుభ్రత పనివారిని కళాశాల తన సొంత ఉద్యోగులుగా తీసుకుంది. టీమ్ అనే మాటకు అప్పుడు కొంత అర్థం వచ్చింది.

అదే 2018 అక్టోబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో క్లీనర్లు, వంటవాళ్లు, ఇంటింటికీ వెళ్లి వృద్ధుల్ని చూసుకునే పనివాళ్లు, ఎనిమిది వేలకు పైగా స్త్రీలు రెండు రోజులు సమ్మె చేశారు. పనుల విలువ కట్టడానికి నగరపాలక సంస్థ తెచ్చిన పద్ధతిలో మగవాళ్లు ఎక్కువగా ఉండే పనులకు ఎక్కువ జీతం, స్త్రీల పనులకు తక్కువ జీతం పడటం వాళ్ల ఆరోపణ. నైపుణ్యం అనే కొలబద్ద ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పనే నైపుణ్యమవుతుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు. చెత్త ఎత్తే మగ కార్మికులు చాలామంది ఆ స్త్రీల పికెటింగును దాటి పనికి వెళ్లడానికి నిరాకరించారు. 2019లో నగరపాలక సంస్థ 50 కోట్ల పౌండ్లకు పైగా బకాయిలు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 1976 డిసెంబరు 9న ఒక నోటిఫికేషను ఇచ్చింది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం వంటి పనులకు కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని. అంటే ఏడాది పొడుగునా ఉండే ఈ పని సంస్థ సొంత పనే అని ఒప్పుకుంది. ఎయిర్ ఇండియా భవనాల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల కేసులో 1996లో సుప్రీంకోర్టు, మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి ఉన్న ధర్మాసనం, కాంట్రాక్టు విధానం రద్దయిన చోట ఆ కార్మికుల్ని ప్రధాన యాజమాన్యం తన ఉద్యోగులుగా తీసుకోవాల్సిందేనని తీర్పు ఇచ్చింది. అయిదేళ్లు తిరక్కుండానే, 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, 1976 నోటిఫికేషనును కూడా కొట్టేసింది.

ఆ తరవాతి కథ మనకు తెలిసిందే. ఊడ్చే పనిని వదిలించుకోవడం ఆధునికత అయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత కాంట్రాక్టు చట్టం దానిలో కలిసిపోయింది. సంస్థ ‘కీలక కార్యకలాపాల’లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టకూడదని అది అంటుంది. మంచిదే అనుకునేలోగా, కీలకం కాని పనుల జాబితా వస్తుంది. పారిశుధ్యం పనులన్నీ, ఊడ్చడం, తుడవడం, దుమ్ము దులపడం, చెత్త తీయడం, ఆ జాబితాలో మొట్టమొదట ఉన్నాయి. శుభ్రత కోసమే పెట్టిన సంస్థకు తప్ప మరెవరికీ ఈ పని కీలకం కాదట. ఒకరోజు మరుగుదొడ్లు కడగకపోతే ఆసుపత్రిలో ఆపరేషను జరగదు, బడిలో ఆడపిల్లలు కూర్చోలేరు. అయినా అది కీలకం కాదు! శిక్షణ తరగతిలో ఆమె టీమ్ సభ్యురాలు. చట్టంలో టీమ్ బయటి మనిషి. చిరునవ్వు పాఠాన్నీ ఈ చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలని నేను అనేది అందుకే.

పౌరుణ్ణి కస్టమరుగా మార్చడం కూడా ఈ కాలంలోనే జరిగింది. 2016లో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్‌లో నగరాలకిచ్చే ర్యాంకుల్లో పౌరుల అభిప్రాయాలకు మార్కులున్నాయి. రోడ్డు ఊడ్చే స్త్రీ అభిప్రాయానికి ఎన్ని మార్కులో వెతుక్కోవాలి. 2019 ఫిబ్రవరిలో కుంభమేళాలో ప్రధానమంత్రి అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. 2020లో ‘సఫాయి మిత్ర’ అన్న పేరు అధికారికంగా ప్రచారంలోకి వచ్చింది. గౌరవ వాచకాలకు కొదవ లేదు. తెలంగాణలో 2015 జూలైలో హైదరాబాదు పారిశుధ్య కార్మికులు సమ్మె చేస్తేగానీ జీతాలు పెరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రైవేటు ఏజెన్సీల స్థానంలో ప్రభుత్వమే ఆప్కాస్ అనే సంస్థను పెట్టింది. దళారీ పోయినా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి, 2024 జనవరి దాకా కొనసాగించినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండ్లు పర్మనెంటు చేయడం, సమాన పనికి సమాన వేతనం. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే జగ్జీత్ సింగ్ కేసులో చెప్పి ఉంది. గౌరవమంటే ఏమిటో కార్మికులు ఎంత సూటిగా నిర్వచించారో చూడండి!

స్త్రీలుగా మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నవ్వు పాఠం నేర్పేవాళ్లు ఎప్పుడు నవ్వకూడదో నేర్పుతున్నారా? హోటలు గదిలోకి ఒంటరిగా వెళ్లే స్త్రీకి, ఖాళీ అంతస్తులో రాత్రి పనిచేసే స్త్రీకి కస్టమరుతో మర్యాద అన్న సూత్రం ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. అమెరికాలో రాత్రి క్లీనర్ల మీద సూపర్‌వైజర్లు చేసే అత్యాచారాలపై 2015లో వచ్చిన ఒక టీవీ డాక్యుమెంటరీ సంచలనం రేపింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో ఆ స్త్రీలే ముందు నిలిచి పోరాడి, తమ రంగంలో లైంగిక వేధింపుల నిరోధక శిక్షణను తప్పనిసరి చేసే చట్టం తెచ్చుకున్నారు. శిక్షణ అంటే వాళ్లకు కావలసింది అది. మన దేశంలో 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం కాంట్రాక్టు కార్మికురాలు కూడా ఉద్యోగే, పనిచేసే చోట కమిటీకి ఫిర్యాదు చేసే హక్కు ఆమెకూ ఉంది. శిక్షణ పొందుతున్న ఎందరికి ఈ మాట చెబుతున్నారు? కమిటీలో కూర్చున్న ఎందరు అధ్యాపకురాళ్లం, మన డిపార్టుమెంటు మెట్లు తుడిచే ఆమెకు ఈ కమిటీ ఉందని తెలుసా అని అడిగాం?

ఈ చరిత్రలో మన స్థానం ఎక్కడో కూడా చూసుకోవాలి. లండన్‌లో కరపత్రాలు పంచిన ఫెమినిస్టులు బయటినుంచి వెళ్లారు. మనం బయటివాళ్లం కాదు. విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో శుభ్రత టెండర్లు ఖరారు చేసే కమిటీల్లో మనలో కొందరం సభ్యులం. అన్నిటికంటే తక్కువ ధర కోట్ చేసిన సంస్థకు ఓకే అని సంతకం పెట్టేటప్పుడు, ఆ తక్కువ ఎవరి ఒంట్లోంచి తీస్తారో లెక్కవేయడానికి పెద్ద గణితం అక్కరలేదు. మనుషులెంతమంది, గంటలెన్ని, కనీస వేతనమెంత, పీఎఫ్, ఇఎస్ఐ ఎంత అని కూడి చూస్తే, ఆ మొత్తం కంటే తక్కువకు పని ఒప్పుకున్న సంస్థ ఎవరికో ఎగవేస్తుందని అర్థం. కాంట్రాక్టు మారినా మనుషులు మారకూడదని, గ్లవ్స్, బూట్లు, బట్టలు మార్చుకునే గది, నీళ్లు, మరుగుదొడ్డి ఉండాలని టెండరు షరతుల్లో రాయించవచ్చు. మరుగుదొడ్లు కడిగే మనిషికి వాడుకోవడానికి మరుగుదొడ్డి లేని ఆవరణలు మన దగ్గర తక్కువేం కాదు.

కలిసి పనిచేయడం, ఎదుటి మనిషి అవసరం గ్రహించడం, మాటతో ఊరడించడం ఈ స్త్రీలకు కొత్త విద్యలు కావు. ఆ విద్యలతోనే వాళ్లు సగం ఊడ్చిన రోడ్డుని పూర్తి చేశారు, సమ్మె శిబిరాల్లో వంతులేసుకుని కూర్చున్నారు, ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకున్నారు. అర్హతల పత్రంలో వాటిని నైపుణ్యాలని రాశాక ఇక వెనక్కి పోలేరు. నైపుణ్యమని ఒప్పుకున్నదానికి నైపుణ్యం గల పనివారి వేతనం ఇవ్వాలి కదా. వచ్చే టెండరు కమిటీలో ఆ లెక్క అడగడం మన పని.